హ్యాండ్లీ పేజ్ హెచ్.పి.42 విమానాల ప్రమాద చరిత్ర

హ్యాండ్లీ పేజ్ హెచ్.పి.42 బ్రిటన్‌లో తయారైన నాలుగు ఇంజన్ల ప్రయాణికుల బైప్లేన్. బైప్లేన్ అనగా ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు గల విమానము. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ కొరకు హ్యాండ్లీ పేజ్ కంపెనీ వీటిని మొత్తం 8 మాత్రమే నిర్మించినది. వీటిలో మొదటిదైన 'హానిబల్' 1930 నవంబరు 14న తొలిసారి ఎగిరినది. 1931 జూన్‌లో లండన్ సమీపంలోని క్రాయ్‌డన్ నుండి పారిస్‌కు ప్రయాణికుల సర్వీసు ఆరంభమైనది.

హానిబల్, హాడ్రియన్, హానో, హోర్సా అను నాలుగు విమానాలు ఈజిప్టు నుండి కరాచీ వరకు గల మార్గము వంటి దూరప్రాంత సర్వీసుల కొరకు ఉద్దేశించబడినవి. హెరాక్లిస్, హొరేషియస్, హెంగిస్ట్, హెలెనా అను మిగిలిన నాలుగు ఐరోపా సర్వీసుల కొరకు తయారైనవి. ఈ రెండవ రకమును హెచ్.పి.45 అని కూడా అందురు.

ఈ విమానాలలో ప్రయాణించిన వారెవరూ ప్రమాదంలో మరణించలేదని తరచుగా చెప్పబడుచున్నది. ఈ మాట యుద్ధానికి పూర్వపు పౌర సర్వీసుకు మాత్రమే వర్తించును. 1940లో హానిబల్ 8 మందితో సహా అదృశ్యమైన సంగతిని దీనితో కలిపి చదువవలెను.

నిర్మాణము, భద్రత

రెక్కల వెడల్పు 130 అడుగులు (సుమారు 39.6 మీటర్లు). నాలుగు బ్రిస్టల్ జూపిటర్ ఇంజన్లలో రెండు పై రెక్కకు, రెండు క్రింది రెక్కకు అమర్చబడినవి. వేగము గంటకు సుమారు 100 మైళ్ళు. ఆ కాలానికి కూడా ఇది తక్కువే గనుక దీనిని పరిహసించినవారు లేకపోలేదు. అయితే విశాలమైన రెక్కల వలన ఈ విమానము చాలా తక్కువ వేగముతో నేలకు దిగగలిగెడిది. అత్యవసర సమయంలో పొలములో దింపినను ప్రాణములు దక్కుటకు ఇది ముఖ్య కారణమని భావించవచ్చును. ప్రయాణికుల గదులు రెక్కలకు ముందు ఒకటి, వెనుక ఒకటి ఉండెడివి. ఇంజన్ల ధ్వని అధికముగా ఉండు మధ్య భాగమును సామానులకు, మరుగుదొడ్లకు కేటాయించిరి.

1931 కెంట్ ప్రమాదము

సర్వీసు ఆరంభమైన రెండు నెలలకే, 1931 ఆగస్టు 8న, క్రాయ్‌డన్ నుండి పారిస్‌కు పోవుచున్న హానిబల్ ప్రమాదమునకు గురైనది. ఎడమ వైపు క్రింది ఇంజన్ చెడిపోయినది. దాని నుండి ఊడిన శకలముల వలన అదే వైపునున్న పై ఇంజన్ కూడా తీవ్రముగా కంపించుటతో దానిని ఆపివేయవలసి వచ్చినది. ఒకే వైపున రెండు ఇంజన్లు ఆగిన విమానమును పైలట్ కెంట్ ప్రాంతములోని ఫైవ్ ఓక్ గ్రీన్ వద్ద పొలములో దించెను. చెట్టు మొద్దు తగిలి తోక భాగము విరిగినది కాని ఎవరికీ గాయములు కాలేదు. విమానమును విడదీసి రోడ్డు మార్గమున క్రాయ్‌డన్ చేర్చి, బాగుచేసి తిరిగి సర్వీసులో ప్రవేశపెట్టిరి.

1937 మే 31న హెంగిస్ట్ కరాచీలోని విమానశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినది. ఇది ఎగురుచుండగా జరిగినది కాదు.

హానిబల్ అదృశ్యము

1940 మార్చి 1న హానిబల్ బలూచిస్తాన్ తీరములోని జివానీ (నేటి పాకిస్తాన్) నుండి షార్జాకు బయలుదేరినది. అందులో నలుగురు సిబ్బంది, నలుగురు ప్రయాణికులు ఉండిరి. ఒమన్ సింధుశాఖపై అది అదృశ్యమైనది. శకలములు గాని, దేహములు గాని లభించలేదు. ఇంధనము అయిపోవుట, పక్షులు ఢీకొనుట, ఇంజన్లు చెడుట, నిర్మాణము విరుగుట మున్నగు ఊహలు చేయబడినవి కాని ఏదియు రుజువు కాలేదు.

మృతులలో సర్ ఎ.టి.పన్నీర్‌సెల్వం ఒకరు. ఈయన మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన జస్టిస్ పార్టీ నాయకుడు. 1937లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు నాయకత్వాన కొద్ది నెలలు పనిచేసిన తాత్కాలిక మంత్రివర్గంలో మంత్రి. ఆనాడు ఆంధ్ర జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోనివే. భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా నియమితుడై లండన్‌కు పోవుచు ఈ విమానమెక్కెను. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన వైమానిక యోధుడు హెరాల్డ్ విస్లర్ కూడా ఇందులోనే మరణించెను.

మిగిలిన విమానాలు

హొరేషియస్ 1939 నవంబరు 7న ఇంగ్లండులోని టివర్టన్ వద్ద గోల్ఫ్ మైదానములో దిగబోయి ధ్వంసమైనది. పది లక్షల మైళ్ళకు పైగా ఎగిరిన హెరాక్లిస్‌ను గాలివాన నేలమీదనే నాశనము చేసినది. 1940 మార్చి 19న బ్రిస్టల్ సమీపంలోని విట్‌చర్చ్ విమానాశ్రయములో నిలిపియున్న హెరాక్లిస్, హానో రెండును ఆ గాలికి పాడైనవి. హెలెనా గట్టిగా నేలను తాకి దెబ్బతినుటచే అదే సంవత్సరము విరమింపబడినది. దాని ముందు భాగమును నౌకాదళము వారు కొంతకాలము కార్యాలయముగా వాడుకొనిరి.

వైమానిక దళమునకు అప్పగించబడిన హోర్సా 1940 ఆగస్టు 7న వైట్‌హేవెన్ సమీపంలో అత్యవసరముగా దిగి కాలిపోయినది. చివరిదైన హాడ్రియన్‌ను 1940 డిసెంబరు 6న డాంకాస్టర్ వద్ద పెనుగాలి కట్లు త్రెంచి ఎత్తివేయగా, అది ప్రక్కనున్న రైలు పట్టాలపై తలక్రిందులుగా పడినది. ఈ విధముగా 8 విమానాలలో ఒక్కటియు 1940 సంవత్సరమును దాటి ఎగురలేదు.