పిల్లల చేతుల్లోంచి వచ్చిన రంగుల అచ్చు

లినోలియం అంటే ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో నేల మీద పరిచే దళసరి పట్టా. చిక్కబరిచిన అవిసె నూనెలో కార్క్ పొడి కలిపి, గోనెగుడ్డ మీద పొరగా నొక్కి చేస్తారు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ 1863లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్ల కింద ఉండవలసిన ఈ సరుకు బొమ్మలు అచ్చువేసే దిమ్మెగా మారడంలో ఒక పిల్లల తరగతికి పెద్ద పాత్ర ఉంది. మన స్వర్ణోత్సవ సంచికకు ఆ కథ తగుతుందనిపించింది.

వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల చిత్రకళ తరగతి ప్రారంభించాడు. పెద్దల బొమ్మలకు నకళ్లు తీయడం కాదు, పిల్లలు తమకు తోచింది వేయాలి అన్నది ఆయన పట్టు. చెక్క మీద చెక్కితే నార అడ్డం వచ్చి ఉలి జారుతుంది. లినోకు నార లేదు, చెయ్యి ఎటు తిరిగితే అటు తెగుతుంది. అందుకే పిల్లలకు నప్పింది. ఆ సుళువే దానికి చెడ్డపేరూ తెచ్చింది, అది పిల్లల పని అని.

చిజెక్‌ను మెచ్చుకున్న క్లాడ్ ఫ్లైట్ ఆ మాటను గొప్పగా తీసుకున్నాడు. 1925లో లండన్‌లో మొదలైన గ్రోవ్‌నర్ స్కూల్లో 1926 నుంచి 1930 వరకు లినోకట్ నేర్పాడు. గొడుగు ఊచతో ఉలి చేసుకోవచ్చనేవాడు. మామూలు మనిషి సినిమా టికెట్టుకు పెట్టే డబ్బుతో ఒక బొమ్మ ఇంటికి తెచ్చుకోవాలని ఆయన ఆశ. అది తీరలేదు. ఆయన శిష్యులు సిబిల్ ఆండ్రూస్, సిరిల్ పవర్ వేసిన అచ్చులు ఇవాళ వేలంపాటల సరుకు!

ఫ్లైట్ పద్ధతిలో రంగుకొక దిమ్మె. మన పెడన అద్దకంలోనూ అంతే, కాకపోతే అక్కడ గీతకు విడిగా ఒక అచ్చు ఉంటుంది. ఫ్లైట్ ఆ గీత అచ్చునే తీసేశాడు. రంగూ రంగూ కలిసే అంచులే బొమ్మకు గీతలు.

నేను పసుపు, ఎరుపు, నీలం దిమ్మెలతో చేస్తాను. బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద గీసి, తిరగేసి, మూడు దిమ్మెల మీదికీ దించాలి. తిరగేయకుండా దించితే అక్షరాలు అద్దంలో చూసినట్టు పడతాయి. చలికి బిగుసుకున్న లినోను కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. రంగు అక్కర్లేని చోటంతా చెక్కేసి, రోలరుతో సిరా పలచగా పూసి, పైన పలచటి కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దాలి. ప్రెస్సు అక్కర్లేదు. ముందు లేత రంగు, చివర ముదురు. పసుపు మీద నీలం పడిన చోట ఆకుపచ్చ, ఎరుపు పడిన చోట నారింజ. మూడు దిమ్మెలతో ఆరేడు రంగులు వస్తాయి.

అసలు కష్టం కాగితాన్ని ప్రతిసారీ ఒకే చోట కూర్చోబెట్టడం. కింది పలక మీద రెండు అట్టముక్కలు మూలమట్టంగా అంటించి, కాగితం మూలను వాటికి ఆనిస్తాను. వెంట్రుకవాసి జరిగినా రెండు రంగుల మధ్య తెల్లటి సందు నవ్వుతుంది. నూనె సిరా ఆరడానికి ఒకటి రెండు రోజులు, అదీ మూడుసార్లు.

పికాసో 1958లో క్రనాక్ చిత్రం ఆధారంగా వేసిన యువతి బొమ్మకు ఇలాగే పలు దిమ్మెలు వాడాడు. మరుసటి ఏడు ఒకే దిమ్మెతో పని సాగించాడు. ఒక రంగు అన్ని ప్రతులకూ వేసి, అదే దిమ్మెను ఇంకొంత చెక్కి, తర్వాతి రంగు. వెనక్కి పోయే దారి లేదు. ఎన్ని ప్రతులో మొదటిరోజే తేల్చుకోవాలి. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. వల్లోరిస్ ఊళ్లో అచ్చువేసిపెట్టినవాడు ఇదాల్గో అర్నేరా అనే ముద్రాపకుడు.

మన దేశంలో నందలాల్ బోస్ దండి యాత్ర గాంధీని 1930లో లినో మీద చెక్కాడు. నలుపొక్కటే. అదే ఏడు వచ్చిన రవీంద్రుని ‘సహజ్ పాఠ్’ వాచకంలోని బొమ్మలూ ఆయన లినోకట్‌లే. అక్షరాలు దిద్దే పిల్లల కోసం అంతటివాడు ఉలి పట్టాడు.

ఇప్పుడు చాలా బడుల్లో డ్రాయింగ్‌కు వారానికి ఒక్క పీరియడే, పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కలకే. మూడు రంగుల అచ్చుకు కావలసింది మూడు లినో ముక్కలు, ఒక ఉలి, ఒక రోలరు, వంటింటి గరిటె, ఎనిమిది పీరియడ్లు. మొదటి నాలుగూ మనం సమకూర్చగలం. ఆ ఎనిమిది పీరియడ్లే హెడ్‌మాస్టరు గారిని అడగాలి.