ఎరరీ కొండల్లో బసలు

వేల్స్ దేశపు వాయవ్య కొసన, ఐరిష్ సముద్రానికి చేరువలోనే నిటారుగా లేచే ఎరరీ పర్వతసీమలో, అంటే స్నోడోనియాగా ప్రసిద్ధమైన ప్రాంతంలో, నేడు యాత్రికులు ముచ్చటపడి దిగే పాత సత్రాల చరిత్ర పలకరాతి గనులతోనూ రహదారులతోనూ పెనవేసుకొని ఉంది. పొరలుగా చీలి ఇంటికప్పులకు పనికివచ్చే ఈ రాతిని తవ్వించిన పెన్రిన్ ప్రభువు రిచర్డ్ పెన్నంట్, జమైకాలో బానిసల శ్రమతో సాగిన చెరకు తోటలకు కూడా యజమాని. ఆయన 1800 ప్రాంతంలో కాపెల్ కిరిగ్ వద్ద కట్టించిన సత్రానికి, లండన్ నుంచి ఐర్లండ్‌కు ఓడలు బయలుదేరే రేవుకు వెళ్లే టపా బండ్లు రాకపోకలు సాగించడంతో గిరాకీ పెరిగింది. ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ 1815లో మొదలుపెట్టిన రహదారి, 1826లో తెరిచిన మెనై వేలాడు వంతెనతో ఆ దారి మరింత సుగమమైంది.

బండ్ల కాలం పోయాక సత్రాలను నిలబెట్టినవారు పర్వతారోహకులు. స్నోడన్ శిఖరం (1,085 మీటర్లు) చేరువలోని పెన్-అ-గూరిడ్ అనే చిన్న సత్రాన్ని 1847లో హ్యారీ ఓవెన్ చేపట్టిన తరువాత, అది బ్రిటన్‌లో శిలారోహణకు, అంటే నిలువు రాతిగోడలను ఎక్కే విద్యకు, పుట్టినిళ్లలో ఒకటైంది. 1898లో ఏర్పడిన క్లైంబర్స్ క్లబ్ సభ్యులలో పలువురు అక్కడి అతిథులే. 1953 ఎవరెస్ట్ యాత్రకు సన్నద్ధమైన జట్టు ఈ సత్రంలోనే బసచేసి సాధన చేసింది. ఆ సభ్యుల సంతకాలు ఒక గది పైకప్పు మీద నేటికీ కనిపిస్తాయి.

తీరం వైపు, డూయిరిడ్ నదీముఖం అంచున, అందమైన స్థలాన్ని చెరచకుండానే కట్టడాలు కట్టవచ్చునని నిరూపించాలని వాస్తుశిల్పి క్లఫ్ విలియమ్స్-ఎలిస్ 1926లో తెరిచిన పోర్ట్‌మెరియన్ విడిది గ్రామం ఈ వరుసలో విలక్షణమైనది.

అయితే ఎరరీ బసల చరిత్రను అతిథుల కథగానే చెప్పడం అన్యాయం. దినోర్విగ్ పలకరాతి గనిలో పనిచేయడానికి సోమవారం వేకువనే మెనై జలసంధి దాటి ఆంగ్లసీ దీవి నుంచి వచ్చే కార్మికులు, శనివారం ఇంటికి మళ్లేదాకా గని అంచునే ఎదురెదురుగా రెండు వరుసల్లో కట్టిన రాతి బారకాసులలో, కుళాయి నీరూ విద్యుత్తూ లేకుండా, ఇరుకు గదుల్లో కలిసి గడిపేవారు. పర్యాటక గ్రంథాల్లో తగిన చోటు దొరకని ఆ బారకాసులు నివాసయోగ్యం కావని అధికారులు తేల్చి, వాటిని మూయించింది 1948లో.