ఉద్యోగం మారే అనుభవజ్ఞులు పాత సర్వీసును పోగొట్టుకోరాదు

ఏడెనిమిదేళ్లు పనిచేసి కొత్త కొలువు వెతికేవారికి అనుభవమే పెట్టుబడి. బయోడేటాలో చదువుకంటే ముందు చేపట్టిన బాధ్యతలను, సాధించిన ఫలితాలను అంకెలతో చూపాలి. ఖాళీల గురించి పాత సహోద్యోగులను వాకబు చేయాలి. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు ఉచితం. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే సొమ్ము అడిగేవారిని నమ్మరాదు.

పాత సంస్థ నుంచి రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం తప్పక తీసుకోవాలి. కొత్త సంస్థలో పాత యూఏఎన్ నంబరునే ఇచ్చి, పీఎఫ్ ఖాతాను బదిలీ చేయించుకోవాలి. ఉద్యోగుల పింఛను పథకం-1995 కింద పదవీ విరమణ పింఛనుకు కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. మధ్యలో పింఛను సొమ్ము తీసేసుకుంటే అంతవరకు చేసిన సర్వీసు లెక్కలోకి రాదు. ఎనిమిదేళ్ల తర్వాత ఈ పొరపాటు చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.