పరీక్ష తప్పినవారి చరిత్ర

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి మన యిండ్ల తీరు మారును. తెల్లవారుజామున నాలుగు గంటలకే దీపము వెలుగును. తల్లి కాఫీ కాచి యిచ్చును. తండ్రి రేడియో గొంతు తగ్గించును. (అందుకు మేము నొచ్చుకొనము. పరీక్ష ముందటి రాత్రి మా పాటలకంటె నిద్రయే మేలు.) కాని యీ శ్రద్ధ యంతయు పరీక్ష వ్రాయువరకే. ఫలితముల పట్టికలో తన సంఖ్య కానరాని బిడ్డకొరకు మనవారు చేసిన యేర్పాటేమి?

మదరాసు విశ్వవిద్యాలయము 1857 సెప్టెంబరులో ఏర్పడెను. ఆ నెలలోనే జరిగిన తొలి ప్రవేశపరీక్షకు 41 మంది కూర్చుండగా 36 మంది కృతార్థులైరి. గ్రంథములు చెప్పునది ఆ 36 మంది సంగతియే. తప్పిన అయిదుగురిని మనమే తీసివేత లెక్క చేసి తెలిసికొనవలెను. కళాశాలలో చేర్చుకొనుటకు పెట్టిన యా పరీక్ష క్రమముగా కచేరీ ఉద్యోగమునకును కొలబద్ద యయ్యెను. తప్పినవానికి చదువుతోపాటు బ్రతుకుతెరువును దూరమయ్యెను.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలో నున్న కాలమున, 1911లో, ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చెను. విద్యార్థికొక పుస్తకము. బడిలో తెచ్చుకొన్న మార్కులును, ప్రభుత్వపరీక్ష మార్కులును అందులో చేరును. ప్యాసు, ఫెయిలు అని తీర్పు చెప్పుటకు గాక, చదివిన చదువును చూపుటకు ఆ పుస్తకము ఉద్దేశింపబడినది. మేము మెచ్చుకొను తలంపు ఇది. అయినను ఇండ్లలో అడిగిన ప్రశ్న మారలేదు: అబ్బాయి ప్యాసయ్యెనా, తప్పెనా? మన భాషలో తప్పుట యనగా గురి తప్పుట, దారి తప్పుట. దానిని మనము బిడ్డ చేసిన తప్పుగా నెంచితిమి.

1948-49 నాటి రాధాకృష్ణన్ సంఘము, ఉన్నతవిద్యలో ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షలదే కావలెనని పలికెను. ఆంధ్రప్రదేశములో 2012లో పదవ తరగతికి మార్కులకు బదులు గ్రేడులు వచ్చినవి. పిమ్మట రెండు రాష్ట్రములును మరల మార్కులకే మరలినవి.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినవి. మూడు లక్షలకు పైగా తప్పిరి. రోజుల వ్యవధిలో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులో పొరపాట్లు బయటపడగా ప్రభుత్వము త్రిసభ్యసంఘమును నియమించి, తప్పిన వారందరి పత్రములను ఉచితముగా మరల పరిశీలింపజేసెను. వేయిమందికి పైగా నిజమునకు తప్పనేలేదని తేలెను. ఒకవేళ అందరును నిజముగా తప్పియుండినను, ఒక కాగితముపై అంకె ప్రాణముతో తూగునా?

విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న కొన్ని ఆదేశముల నిచ్చెను. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయందును మనసు నెరిగి మాటలాడగల అర్హుడైన సలహాదారు ఉండవలెను. పరీక్షల రోజులలో చిన్న చిన్న జట్లకు ప్రత్యేకముగా ఒకరిని ఏర్పాటు చేయవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరుపరచరాదు. తొలి పరీక్షకును ఈ మాటకును నడుమ 168 ఏండ్లు గడచినవి.

కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సంఖ్య 14416. రేయింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. గోడమీది కాలెండరులో ఫలితములు వచ్చు తేదీ ప్రక్కన ఈ సంఖ్యను, ఆ క్రిందనే సప్లిమెంటరీ పరీక్ష తేదీని ఇప్పుడే వ్రాసి యుంచవలెనని శ్రోతలను కోరుచున్నాము.