'పడదు' నుంచి 'ఎలర్జీ' దాకా: కృష్ణా డెల్టాలో తుమ్ముల మాత్ర

కృష్ణా డెల్టా పల్లెల్లో ఒంటికి సరిపోని దాన్ని గురించి 'నాకు పడదు' అంటారు. వంకాయ పడదు, ఊక దుమ్ము పడదు, కొత్త నీళ్ళు పడవు. ఈ క్రియలో రోగం పేరు లేదు. మనిషికీ వస్తువుకీ గల పొత్తు కుదరకపోవడమే ఉంది. 'ఎలర్జీ' అన్న మాటను ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో కల్పించాడు. కనుక మచిలీపట్నంలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువులో అది ఉండే వీలే లేదు. 'పడదు' అన్నప్పుడు పరిహారం దూరంగా ఉండటం. 'ఎలర్జీ' అన్నప్పుడు పరిహారం మాత్ర. ఈ మార్పు ఎలా జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'పడదు' అనడానికి కూడా కొంత స్తోమత కావాలి. కుప్పనూర్పుల్లో పనిచేసే కూలీ ఊక దుమ్ముకు దూరంగా ఉండలేడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకొని పని పూర్తిచేస్తాడు. అయితే ఆ బాధకు ఒక కాలం ఉండేది. కళ్ళం ఖాళీ అయితే తుమ్ములూ తగ్గేవి. బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయింది. తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ నీటితో వరి, వరి కోసిన మాగాణిలో మినుము, ఏడాదిలో చాలా భాగం తడి. ఇంటి దుమ్ములోని సూక్ష్మ కీటకాలకూ, బూజుకూ ఈ తేమ అనుకూలం. 1950ల మధ్యలో పూణేలో గుర్తించిన పార్థీనియం కలుపు, మనవాళ్ళు ముద్దుగా వయ్యారిభామ అన్నది, తడి ఉన్నచోట దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. కాలువగట్లు దానికి పుట్టిల్లయ్యాయి. దాని పుప్పొడి తుమ్ములు, ఆకు తగిలితే దద్దుర్లు. అంత అందమైన పేరు ఆ మొక్కకు ఎవరు పెట్టారో గాని, చర్మవ్యాధి వచ్చినవారు మాత్రం కాదు.

మందుల చరిత్ర ఇంకోచోట మొదలైంది. హిస్టమిన్ ప్రభావాలను హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా 1910లో వివరించారు. దాన్ని అడ్డుకొనే తొలి పదార్థాన్ని 1937లో పారిస్‌లో డానియెల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ చూపారు. బోవేకు నోబెల్ బహుమతి వచ్చింది 1957లో, బ్యారేజీ తెరచిన ఏడాదే. ఇది కాకతాళీయం మాత్రమే. ఆ కుటుంబంలోని ఫెనిరమిన్ మన ఊళ్ళలో 'ఏవిల్'గా ఇంటి పేరైంది. అది మెదడులోకి చేరి మత్తు కలిగిస్తుంది. అందువల్ల రాత్రిపూట, నాలుగు రోజులు వాడి మానేసేవారు. నిద్ర రావడాన్నే మందు పనిచేసిందనడానికి గుర్తుగా తీసుకున్నవారూ ఉన్నారు.

మత్తు తక్కువగా ఉండే రెండో తరం మందులు ఈ హద్దును చెరిపేశాయి. వాటిలో టెర్ఫెనడిన్ గుండె లయను చెడగొట్టడం బయటపడి 1990ల చివర అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. దాని స్థానంలోకి, శరీరంలో దాని నుంచే తయారయ్యే ఫెక్సోఫెనడిన్ వచ్చింది. సెట్రిజిన్ కూడా పాత హైడ్రాక్సిజిన్ నుంచి ఒంట్లో పుట్టే పదార్థమే. కొందరికి ఇది కొంత మత్తునిస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో అది మరీ తక్కువ, కానీ పండ్లరసంతో మింగితే సరిగా ఒంటబట్టదు. ఇవన్నీ తుమ్ములకూ దురదకూ బాగా పనిచేస్తాయి, ముక్కు దిబ్బడకు అంతగా కాదు. దానికి వైద్యులు ముక్కులో కొట్టుకొనే స్టెరాయిడ్ స్ప్రే సూచిస్తారు. మన జనానికి స్ప్రే అంటే ఇంకా బెరుకు.

పగలు పని చెడకుండా రోజూ మింగగల మాత్ర దొరకడంతోనే 'ఏడాది పొడవునా ఎలర్జీ' అన్నది జీవన విధానంగా స్థిరపడిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పరిసరాలు రోగాన్ని పన్నెండు నెలలకు సాగదీశాయి, మాత్ర దాన్ని భరించదగినదిగా చేసింది. ఖర్చు మరోచోట తేలింది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ దీర్ఘకాలం వాడి ఆపినప్పుడు అరుదుగా తీవ్రమైన దురద రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2025 మేలో హెచ్చరించింది. లెవోసెట్రిజిన్‌తో కలిపి మనవద్ద విరివిగా ఇచ్చే మాంటెలుకాస్ట్‌పై, మానసిక ప్రభావాల దృష్ట్యా, అదే సంస్థ 2020లో తీవ్రమైన హెచ్చరిక చేర్పించింది. విజయవాడలో చీటీ లేకుండా ఎలర్జీ మాత్ర అడిగినవారికి దుకాణంలో తరచూ ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే: "నిద్రొచ్చేది ఇవ్వమంటారా, రానిదా?"