డిగ్రీ ఇవ్వని చదువు

(టొరంటో పరిసరాల్లోని తెలుగు కుటుంబాల కోసం చేసిన రేడియో ప్రసంగం పాఠం)



పోయిన నెల మిస్సిసాగాలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక చెల్లెమ్మ వచ్చి, "అన్నయ్యగారూ, పత్రికల్లో పనిచేసేవాళ్ళకి యూనివర్సిటీలో ఫెలోషిప్ ఇస్తారట కదా, నేను అప్లై చెయ్యచ్చా?" అని అడిగింది. ఆ అమ్మాయికి ముప్ఫైతొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. హైదరాబాదులో ఒక దినపత్రికలో తొమ్మిదేళ్ళు చేసింది, ఇక్కడ ఒక చిన్న వారపత్రికకి రాస్తోంది. నేను జవాబు చెప్పేలోపే వాళ్ళ అత్తగారు అందుకుని, "ఏడాది చదివినా డిగ్రీ ఇవ్వరటండీ! మరి దేనికి ఆ చదువు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చేతిలో పులిహోర ప్లేటు పెట్టుకుని నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వారం దాని కథే చెబుదామని.

ఈ పద్ధతి మొదలైంది అమెరికాలో. మిల్వాకీ జర్నల్ అనే పత్రికని నిలబెట్టిన లూషియస్ నీమన్ 1935లో పోయారు, మరుసటేడు ఆయన భార్య ఆగ్నెస్ కూడా పోయారు. పోతూ ఆవిడ పత్రికారచన స్థాయి పెంచడానికని హార్వర్డుకి పది లక్షల డాలర్లకి పైగా రాసిపెట్టారు. ఆ డబ్బుతో జర్నలిజం కాలేజీ పెట్టకుండా, పనిలో ఉన్న పత్రికలవాళ్ళనే ఒక ఏడాది పిలిచి, ఇష్టమైన క్లాసులో కూర్చోమందామని హార్వర్డు అధ్యక్షుడు జేమ్స్ కొనంట్ నిర్ణయించారు. ఆయనకే దీని మీద గట్టి నమ్మకం లేదట. 1938లో మొదటి జట్టు వచ్చింది.

కెనడాకి ఇది 1962లో వచ్చింది. సౌతమ్ పత్రికల సంస్థ, టొరంటో విశ్వవిద్యాలయం కలిసి సౌతమ్ ఫెలోషిప్పులు మొదలుపెట్టాయి. మరుసటేడు మాసీ కాలేజీ తెరిచారు, ఫెలోషిప్పు మీద వచ్చినవాళ్ళకి అదే నిలయమైంది. దాని మొదటి పెద్ద రాబర్ట్‌సన్ డేవీస్ నవలాకారుడిగా మనకి తెలుసు కానీ, అంతకుముందు ఆయన పీటర్‌బరో ఎగ్జామినర్ పత్రిక నడిపిన మనిషి. ఆ కాలేజీలో రాత్రి భోజనానికి నల్లగౌను వేసుకుని కూర్చోవాల్సి ఉండేది! నేరాల వార్తలు రాసుకునే మనిషి గౌను వేసుకుని, పక్కన ఖగోళశాస్త్రం విద్యార్థి, ఎదురుగా న్యాయశాస్త్రం ప్రొఫెసరు ఉండగా సూపు తాగడం ఊహించుకోండి. చదువులో సగం ఆ బల్ల దగ్గరే. ఇంకో మాట కూడా చెప్పాలి. 1974 దాకా ఆ కాలేజీలో ఆడవాళ్ళకి చోటు లేదు. మా చెల్లెమ్మ ఆ రోజుల్లో అడిగి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు.

పద్ధతి సులువే. సెప్టెంబరు నుంచి వసంతం దాకా జీతం బదులు భత్యం ఇస్తారు. ఏ శాఖలోనైనా క్లాసుకి వెళ్ళచ్చు. పరీక్షల్లేవు, డిగ్రీ లేదు, తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోవాలి.

ఇక్కడే కథలో మెలిక ఉంది. 1877లో విలియం సౌతమ్ హామిల్టన్ స్పెక్టేటర్ కొనడంతో మొదలైన సంస్థ అది. మనుషులని చదువుకి పంపించిన ఆ సంస్థే 1980 ఆగస్టు 27న విన్నిపెగ్ ట్రిబ్యూన్‌ని మూసేసింది. అదే రోజు థామ్సన్ వాళ్ళు ఒట్టావా జర్నల్‌ని మూసేశారు. ఆ రెండు ఊళ్ళలోనూ పోటీ పత్రిక లేకుండా పోయింది. ప్రభుత్వం కెంట్ కమిషన్ వేసింది, నివేదిక వచ్చింది, పెద్దగా ఏమీ జరగలేదు. 1996లో సౌతమ్ కాన్రాడ్ బ్లాక్ గారి హోలింజర్ చేతికి పోయింది. 2000లో ఆ పత్రికల్లో చాలావాటిని క్యాన్‌వెస్ట్ కొంది, 2010లో అవి పోస్ట్‌మీడియా అయ్యాయి. సంస్థ పోయాక కూడా ఫెలోషిప్పుకి విలియం సౌతమ్ పేరు మిగిలింది.

మరి మనవాళ్ళ సంగతేమిటంటారా? తెలుగు పత్రికలవాళ్ళకి ఒకప్పుడు దొరికిన సెలవు జైలే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో బెజవాడ 'స్వరాజ్య'లో రాసిన వ్యాసానికి జైలుకి వెళ్ళారు. బయటికొచ్చాక ఆయన గ్రంథాలయాలూ వయోజన విద్యా అంటూ జీవితమంతా తిరిగారు. నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఆయన్ని ఒక ఏడాది మంచి లైబ్రరీలో కూర్చోబెట్టి ఉంటే ఎలా ఉండేదో అని.

మన కాలంలో పాలగుమ్మి సాయినాథ్ గారున్నారు, వి.వి. గిరి గారి మనవడు. ముంబైలో బ్లిట్జ్ వారపత్రికలో పదేళ్ళు పెద్ద పదవిలో ఉండి, 1993లో అది వదిలేసి టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్పుకి అప్లికేషన్ పెట్టారు. అది యూనివర్సిటీ ఫెలోషిప్పు కాదు, ఆయన క్లాసులన్నీ కోరాపుట్, మల్కనగిరి, పలామూ లాంటి అతి పేద జిల్లాల్లో. అక్కణ్ణుంచి పంపిన 84 కథనాల నుంచి 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకం వచ్చింది. 2011లో మన ఆల్బెర్టా విశ్వవిద్యాలయం ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. డిగ్రీ లేని చదువుకి ఇలా కూడా డిగ్రీ వస్తుందని అత్తగారికి చెప్పాలి.

నా సంగతీ చెప్పేస్తాను. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఒక ఫెలోషిప్పుకి పెట్టాను, ఎక్కడన్నది ఇప్పుడెందుకు లెండి. విజయవాడ డెస్కులో పదకొండేళ్ళు చేసినవాణ్ణి, ధైర్యంగానే ఉన్నాను. రాసినవాటిలో మంచివి ఐదు పంపమన్నారు. ట్రంకుపెట్టె తీసి కటింగులు పరిస్తే ఒక్కదాని మీదా నా పేరు లేదు! 'మా ప్రతినిధి', 'న్యూస్‌డెస్క్', అంతే. మన పత్రికల్లో అప్పుడు అలాగే ఉండేది. కృష్ణా కాలవల చివరి భూముల మీద పదిహేను రోజులు తిరిగి రాసింది నేనేనని ఎలా రుజువు చెయ్యను? పాత సంపాదకుడు గారికి ఉత్తరం రాశాను. ఆయన రిటైరై రాజమండ్రిలో ఉన్నారు. సంతకం చేసి పంపారు కానీ గడువు దాటిపోయాక చేరింది. ఆ రాత్రి గిడ్డంగిలో డ్యూటీకి వెళ్ళాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఉత్తరం దాచింది.

అందుకే చెల్లెమ్మని మొదట అడిగింది మార్కుల గురించి కాదు, "పేరుతో అచ్చయినవి ఎన్ని ఉన్నాయమ్మా?" అని. ఆరు ఉన్నాయట. తెలుగు వ్యాసాలకి అనువాదం తనే చేసుకుంది. కష్టమైంది ఇంకోటి, ఏం చదువుకుంటావో రాయమన్న పేజీ. మనవాళ్ళు అక్కడ వినయంగా "జర్నలిజంలో మెళకువలు నేర్చుకుంటాను" అని రాస్తారు. మెళకువలు వచ్చనే కదా నిన్ను పిలిచేది! నీకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఏదో అది రాయాలి. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, అప్పుడు చెప్పింది. బ్రాంప్టన్‌లో ట్రక్కులు నడిపే కుర్రాళ్ళ గురించి రాస్తుంటే వాళ్ళ కాంట్రాక్టు కాగితాలు తనకే అర్థం కావట, కార్మిక చట్టం చదవాలని ఉందట.

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోను చేసి ఆ పేజీ చదివి వినిపించింది. వెనకాల అత్తగారు పిల్లలని పడుకోమని గదమాయిస్తున్నారు. చివరి పేరాలో "అవకాశం ఇస్తే ధన్యురాలిని" అన్న వాక్యం ఉంది. అదొక్కటి తీసెయ్యమన్నాను.