సాయంత్రం గంట కొట్టినాక



ఈసారి వార్షికోత్సవ మలరును ఫోనులో చదివేటట్టు తెస్తా ఉన్నారు. మన పిల్లల చదువు గురించి ఒక చరిత్ర వ్యాసం రాయమని కమిటీవాళ్ళు నన్ను అడిగినారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఎవరు డాక్టరు అయినారు, ఎవరు ఇంజనీరు అయినారు అనేది రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను బడిలో పాఠం అయినాక జరిగే సంగతి రాస్తాను. స్కౌటు, ఎన్.సి.సి., నాటకం, ఉపన్యాస పోటీ, ఆటలు. వీటిని మనవాళ్ళు చదువు కింద లెక్కబెట్టరు. మనం వెనకబడింది మార్కుల్లో కాదు, ఇక్కడే అని నా అభిప్రాయం.

మగ్గం ఉండే ఇంటికి ఇది వివరంగా చెప్పనక్కర లేదు. సాయంత్రం బడి గంట కొడితే మిగతా పిల్లలు గ్రౌండుకు పోతారు, మన పిల్లలు రాట్నం దగ్గరికి వస్తారు. మగ్గం మీద నాయన కూర్చుంటే కండె చుట్టి ఇచ్చేదానికి ఒకరు కావాల. కండె ఆగితే నాడె ఆగుతుంది, నాడె ఆగితే కూలి ఆగుతుంది.

మా గుడియాత్తానికి వేలూరు రైలుకు పోయివచ్చే దూరమే. ఆర్కాటు మిషన్ వాళ్ళు 1853 నుంచి ఈ పక్క పనిచేసినారు. వేలూరులో వాళ్ళ హైస్కూలు 1898లో కాలేజీ అయింది, అదే తరువాత ఊరీస్ కాలేజీ అని పేరు పడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొంతకాలం చదివింది అక్కడే. ఇంగ్లీషు బడులు వచ్చినప్పుడు వాటితోపాటు వాదన సభలు, ఆటల జట్లు, నాటకాలు కూడా వచ్చినాయి. అంతా బడి వేళ దాటినాక నడిచేవే. సాయంత్రం పని లేని ఇళ్ళ పిల్లలకు తగినట్టు అమర్చిన ఏర్పాటు అది. ఎవరూ మనల్ని రావద్దనలేదు, మనకే కుదరలేదు.

స్కౌటు కథ వేరే. మొదట్లో ఈ దేశం పిల్లలనే అందులో చేర్చుకొనేవాళ్ళు కాదు. అందుకని మద్రాసులో అనిబిసెంటు అమ్మగారు, అరుండేల్ గారు 1917 ప్రాంతంలో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అని వేరే సంఘం పెట్టినారు. ఆ పిల్లలు టోపీకి బదులు తలపాగా చుట్టేవాళ్ళు. ఆ తలపాగా గుడ్డ నేసింది ఎవరో గానీ! అట్లా వేరువేరుగా ఉన్న స్కౌటు సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది.

గాంధీగారు 1937లో వార్ధాలో పెట్టిన సభ తరువాత చేతిపని కూడా చదువే అనే మాట వచ్చింది. ఆధార విద్య అన్నారు. తక్లీతో నూలు వడకడం చాలా బడుల్లోకి వచ్చింది. మా కాలానికి కూడా కొంచెం మిగిలి ఉండింది. మిగతా పిల్లలకు దారం తెగిపోతా ఉంటే మేము తీసి ముడి వేసేవాళ్ళం. బడిలో మేము ముందు ఉండింది ఆ ఒక్క పీరియడే. అది గంటకు లోపల ఉండింది కాబట్టి మేమూ ఉంటిమి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

తరువాత 1953లో రాజాజీ గారు పల్లెటూళ్ళ చిన్న బడుల్లో కొత్త పథకం తెచ్చినారు. దినానికి 3 గంటలు బడి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాల. బడులు, అయ్యవార్లు చాలనందున అట్లా చేసినామని వాళ్ళ మాట. మంగలి కొడుకు మంగలిగా, సాలె కొడుకు సాలెగా ఉండిపోతాడని ఎదిరించిన వాళ్ళు దాన్ని కులక్కల్వి అన్నారు. పెరియారు, అణ్ణాదురై పెద్ద పోరాటం చేసినారు. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజు ముఖ్యమంత్రి అయినారు. మే నెలలో విద్యామంత్రి సి. సుబ్రమణ్యం ఆ పథకాన్ని రద్దు చేసినారు. కామరాజు అప్పటికి అసెంబ్లీ మెంబరు కాదు. ఏ ఊరి నుంచి నిలబడినారు? మా గుడియాత్తం నుంచే. ఆ ఉప ఎన్నికలో పెరియారు కూడా ఆయన పక్కనే నిలిచినారు, గెలిపించి పంపించినాము.

ఇది మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకునే సంగతి, చెప్పుకోవాల్సిందే. అయితే మా నాయన ఒక మాట అంటా ఉండె. "రద్దు చేసింది కాగితం మీద పథకాన్నిరా. మన ఇంట్లో అది తాతకాలం నుంచి నడస్తా ఉంది" అని. ఆయన కోపంగా అనలేదు, నవ్వతానే అన్నాడు.

నా సంగతికి వస్తాను. నేను ఏడో తరగతిలో స్కౌటులో చేరితిని. మెడలో స్కార్ఫు, చేతిలో విజిలు. ఏలగిరి కొండ మీద మూడు దినాల క్యాంపు అన్నారు, పేరు ఇచ్చినాను. అది దీపావళికి ముందు. లుంగీల ఆర్డరు గొంతుదాకా ఉండె. మా నాయన "పోయి రారా అబ్బోడా" అనె. కానీ మా అవ్వకు చూపు ఆనదు, అక్క ఒక్కతే రాట్నం తిప్పతా ఉండె. గంపలో ఖాళీ కండెలు చూసి నేనే పోయి పేరు కొట్టించుకొంటిని. అయ్యవారు ఏమీ అడగలేదు, ఒక గీత గీసినారు. ఆ మరుసటి సంవత్సరం చదువే ఆపేసినాను.

మా అక్క సంగతి ఇంకా తక్కువ మాటల్లో అయిపోతుంది. ఆమె ఐదో తరగతితో ఆగింది. దేశంలో ఎన్.సి.సి. చట్టం 1948లో వచ్చింది, ఆడపిల్లల విభాగం 1949లోనే వచ్చింది. మా వీధికి మాత్రం అది రాలేదు. మగపిల్లలు కొందరు ఎన్.సి.సి.లో చేరేవాళ్ళు, పరేడు అయినాక పెట్టే పూరీల కోసం. దాన్ని తప్పు అననులే.

క్యాంపుకు పోయిన నా స్నేహితుడు అంగడివాళ్ళ అబ్బాయి. వాడు నాకంటే తెలివైనవాడేమీ కాదు. తిరిగి వచ్చినాక ప్రార్థన దగ్గర నిలబడి క్యాంపు గురించి మాట్లాడినాడు. ఆ నిలబడేది నాకు రాలేదు. ఇన్ని ఏండ్లుగా సొసైటీ కార్యదర్శిగా ఉండాను. లెక్కలు పైసా తప్పకుండా రాస్తాను. అధికారి వచ్చినప్పుడు రిబేటు బాకీ గురించి గట్టిగా అడగాలంటే ఇప్పటికీ గొంతు తడబడుతుంది. మన సొసైటీల్లో నేతగాళ్ళ తరఫున నేతగాళ్ళు కాని వాళ్ళు ఎంతకాలం మాట్లాడినారో మీకు తెలుసు.

బడిలో నాకు ఒకే ఒక్కసారి స్టేజీ దొరికింది, ఉగాదికి. తెలుగు అయ్యవారికి మా ఇళ్ళ సంగతి తెలుసు. అందుకని నాటకం రిహార్సలు మధ్యాహ్నం అన్నం వేళలో పెట్టినాడు. సాలెవీధి పిల్లలు అందరమూ వచ్చినాము! నేను మంత్రి వేషం వేసి నాలుగు మాటలు చెప్పినాను. ఇప్పుడు ఆ తెలుగు తరగతులే కరిగిపోతా ఉన్నాయి. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాల్సిందే, అన్నం పెట్టే భాష. కానీ తెలుగు పోతే ఉగాది స్టేజీ కూడా పోతుందని ఎవరూ అనుకోలేదు.

చట్టాల్లో కూడా ఈ సాయంత్రం సంగతి ఉంది. 1986 బాలకార్మిక చట్టం బీడీ, అగ్గిపెట్టె, బట్ట నేత పనుల్లో పిల్లల్ని పెట్టకూడదని జాబితా వేసింది. మా ఊళ్ళో మూడూ ఉన్నాయి. అయితే ఇంటివాళ్ళే ఇంట్లో చేసుకొనే పనికి మినహాయింపు ఇచ్చింది. 2016లో దాన్ని సవరించి, ప్రమాదం లేని ఇంటి పనిలో బడి వేళ అయినాక, సెలవుల్లో పిల్లలు సాయం చెయ్యవచ్చు అని రాసినారు. ఏది ప్రమాదమో వేరే జాబితా ఉంది. నేను చూసేది ఆ మాటనే, "బడి వేళ అయినాక". ఆ వేళను చట్టం కూడా ఇంటి పనికే ఇచ్చేసింది. గ్రౌండు, నాటకం, స్కౌటు ఉండేది కూడా ఆ వేళలోనే కదా.

2022లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో వానవిల్ మన్రం అని మొదలుపెట్టినారు. 6 నుంచి 8 తరగతుల పిల్లల దగ్గరికి సైన్సు సామాన్లు ఎత్తుకొని మనుషులే వచ్చి ప్రయోగాలు చేయిస్తారు. కలై తిరువిళా అని పాట, ఆట, బొమ్మల పోటీలు కూడా పెడతా ఉన్నారు. నా మనవరాలు ఏడో తరగతి. అద్దం ముక్కతో గోడ మీద ఏడు రంగులు పడేసి చూపించింది. ఇదంతా బడి గంటలోపలే చేసినారంట.

పోటీకి పేరు ఇచ్చిందంట, మాటలు బట్టీ పెడతా ఉంది. సాధన మాత్రం సాయంత్రాలే. ఈ వారం మా ఇంట్లో కండెలు నేనూ మా కోడలూ చుడతా ఉండాము. పాప ఆరు గంటలకు వస్తుంది.